మిద్దె మీద తొలి చోటు ఆకుకూరకే

సీతాఫల్‌మండిలో ఎంఎంటీఎస్ రైలెక్కితే ఆర్ట్స్ కాలేజీ, ఆ తర్వాత జామై ఉస్మానియా. అక్కడికి దగ్గర్లోనే, తార్నాకలో, జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో మెకారిసన్ అనే వైద్యుడి చిన్న ప్రయోగశాలగా పుట్టి 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చిన ఈ సంస్థే దేశంలో ఎవరు ఏం తినాలో, ఎంత తినాలో లెక్కకట్టి చెబుతుంది. 2024లో అది వెలువరించిన ఆహార మార్గదర్శకాల ప్రకారం మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు కావాలి. అందులో 100 గ్రాములు ఆకుకూరలే ఉండాలి. అంటే నలుగురున్న ఇంట్లో రోజూ 400 గ్రాముల ఆకు తెగాలి. వారంలో ఒక రోజు పాలకూర పప్పు, ఇంకో రోజు పుంటికూర, మిగతా రోజుల్లో తాలింపులో నాలుగు కరివేపాకు రెబ్బలు వేసుకునే ఇల్లు ఈ లెక్కకు చాలా దూరంలో ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మంది, అయిదేళ్లలోపు పిల్లల్లో 70 శాతం మంది రక్తహీనతతో ఉన్నారు. ఇంటితోట గురించి మాట్లాడేటప్పుడు ఈ అంకెలు ఎదురుగా పెట్టుకోవాలి. సీతాఫల్‌మండి, నామాలగుండు, వారాసిగూడ వంటి ఇరుకు బస్తీల్లో ఇంటి మీదా ఇంటి ముందూ దొరికే కాస్త జాగాలో తొలి వాటా ఆకుకూరలకు దక్కాలి. ఔషధ మొక్కలు వాటి తర్వాత రావాలి, అవి కూడా వంటింటి కొలతలోనే రావాలి. పూలు, కాయలు, పండ్లు ఆ మిగిలిన చోట సర్దుకోవాలి.

ఈ వరస ఎందుకో దిగుబడి లెక్కే చెబుతుంది. పొలంలో తోటకూర నెల రోజుల్లో ఎకరాకు నాలుగు టన్నుల వరకు వస్తుంది. ఆ లెక్కన నూరు చదరపు అడుగులకు తొమ్మిది కిలోలు. మిద్దె మీద ఎండ, గాలి, అనుభవం లేని చేతులు అన్నీ కలిసి అందులో సగం పోయిందనుకున్నా నెలకు నాలుగున్నర కిలోలు, అంటే రోజుకు 150 గ్రాములు మిగులుతుంది. నలుగురికి కావలసిన దానిలో మూడో వంతు కన్నా ఎక్కువే. అదే టమాటా అయితే పంట పూర్తి కావడానికి నాలుగు నెలలు పడుతుంది. ఎకరాకు ఎనిమిది, పది టన్నుల లెక్కన అదే నూరు అడుగుల్లో పొలం స్థాయిలో పండించినా నెలకు ఆరు కిలోలు దాటదు. మిద్దె మీద అంతా రాదు. పైగా ఎండ 35 డిగ్రీలు దాటితే టమాటా పూత రాలిపోతుంది, మన ఊళ్లో మార్చి నుంచే ఆ ఎండ మొదలవుతుంది. తోటకూరకు, బచ్చలికి, గోంగూరకు వేడి పెద్ద అడ్డు కాదు. కాయ కోసం వచ్చే కోతుల బెడద కూడా ఆకుల మడికి తక్కువే. ఇక గ్రాముకు గ్రాము పోషకాలు చూస్తే పోలికే లేదు. మునగాకు 100 గ్రాముల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, అంతే ఆవుపాలలో 120 దాకా ఉంటుంది. ఎర్రగా పండిన నాలుగు టమాటాలు పట్టుకుని ఫొటో దిగడంలో ఆనందం ఉంది, కాదనను. కానీ ఇంట్లోవాళ్ల ఒంటికి పట్టేది ఏది అని అడిగితే జవాబు ఆకే.

ఆకుకు ఇంకో గుణం ఉంది. కోసిన క్షణం నుంచి అది నష్టపోతూనే ఉంటుంది. సొరకాయ నాలుగు రోజులు నిలబడుతుంది, గుమ్మడికాయ నెలలు నిలబడుతుంది. తెల్లవారుజామున పొలంలో కోసి, గోతాల్లో కుక్కి, మోండా మార్కెట్ చేరి, అక్కడి నుంచి బండి మీద మధ్యాహ్నం దాకా ఎండలో తిరిగిన పాలకూరలో విటమిన్ సి గణనీయంగా తగ్గిపోతుంది. బండివాళ్లు మాటిమాటికీ నీళ్లు చల్లేది ఆకు వాడినట్టు కనబడకుండా. ఆ నీళ్లు ఎక్కడివో కొనేవాళ్లకు తెలియదు. నగరం చుట్టూ పండే ఆకుకూరల్లో కొంత భాగం మూసీ మురుగునీటితోనే పండుతోందన్నది ఏళ్ల తరబడి పరిశోధకులు పరిశీలించి రాసిన విషయమే. ఆ రైతులను నిందించడానికి ఈ మాట చెప్పడం లేదు. నదిలోకి మురుగు వదిలింది వాళ్లు కాదు, నగరం. కానీ వండకుండా తినే కొత్తిమీర, పుదీనా అయినా మన కళ్లెదుట, మనకు తెలిసిన నీళ్లతో పెరగడంలో మేలు ఉంది. మార్కెట్ ఎంత బాగుపడినా కోసిన పావుగంటలో పప్పులో పడే ఆకును అది ఇవ్వలేదు. ఇంటితోటకు నిజమైన ఆధిక్యం ఉన్నది ఈ ఒక్క చోటనే. ఉల్లి, బంగాళాదుంప, వంకాయల్లో రైతుతో పోటీపడాల్సిన పని మిద్దెకు లేదు. ఇంట్లో ఆకు పండిస్తే ఆకుకూరలు పండించే చిన్న రైతు నోట మట్టికొట్టినట్టే కదా అని కొందరంటారు. నగరం తినాల్సినంత ఆకు తింటున్నప్పుడు వేయాల్సిన ప్రశ్న అది. ఇప్పుడు తినేది తినాల్సిన దానికన్నా తక్కువ. ఇంట్లో ఆకు రుచి మరిగిన కుటుంబం బజారులో కూడా ఎక్కువే కొంటుందని నా నమ్మకం.

మిద్దెతోట అనే మాట తెలుగు ఇళ్లలో ఇంతగా పాకడానికి నారపల్లిలో తన ఇంటి పైనే తోట పెంచి, దాని గురించి విరివిగా రాసిన కథకుడు తుమ్మేటి రఘోత్తమరెడ్డి వంటివారి కృషి కారణం. ఆ స్ఫూర్తితో చాలామంది డ్రమ్ముల్లో జామ, దానిమ్మ, నిమ్మ పెట్టారు. బలమైన పునాదితో, తోట కోసమే ఆలోచించి కట్టిన ఇంటికి అది చెల్లుతుంది. అరవై గజాల స్థలంలో అంతస్తు మీద అంతస్తు లేపిన సీతాఫల్‌మండి ఇంటికి చెల్లుతుందా అన్నది వేరే ప్రశ్న. మనుషులు తిరిగే మిద్దె చదరపు మీటరుకు సుమారు 150 కిలోల అదనపు బరువు మోయాలన్నది భారతీయ ప్రమాణాల సంస్థ నియమం. మామూలు మట్టి అడుగు లోతున పరిచి తడిపితే చదరపు మీటరుకు 500 కిలోలు దాటుతుంది. రెండు వందల లీటర్ల డ్రమ్ము నిండా తడిమట్టి ఉంటే ఒక్కటే మూడు క్వింటాళ్లు. మెంతి, కొత్తిమీర, తోటకూర, పాలకూరలకు నాలుగైదు అంగుళాల లోతు చాలు. ఎర్రమట్టిలో సగానికి పైగా కొబ్బరిపొట్టు, కంపోస్టు కలిపితే తడిసినప్పుడు కూడా చదరపు మీటరుకు నూరు నుంచి నూట పాతిక కిలోల్లో ఉంటుంది. అది కూడా మిద్దె అంతా పరచకూడదు. గోడల వెంబడి, దూలాలు ఉన్న చోట పెట్టి, కింద నాలుగు ఇటుకలు వేసి నీళ్లు జారేలా చూసుకోవాలి. పాత ఇళ్లవాళ్లు ఒకసారి ఇంజినీరుకు చూపించుకోవడం మంచిది. రేకుల ఇళ్ల పైన ఏదీ పెట్టకూడదు. వాళ్లకు మెట్ల పక్క, కిటికీ చువ్వలు, వాకిలి గట్టు మాత్రమే మిగులుతాయి. అక్కడ పట్టేది కూడా ఆకే.

ఇప్పుడు ఔషధ మొక్కల సంగతి. ఇంటితోట అనగానే మొదట చెప్పే మాట తిప్పతీగ పెట్టండి, నేలవేము పెట్టండి, మధుమేహానికి పొడపత్రి పెట్టండి అనే. కరోనా కాలంలో ఈ మాటకు ఎంత ఊపు వచ్చిందో అందరికీ గుర్తే. రోగనిరోధక శక్తికని తిప్పతీగ కషాయాన్ని వారాల తరబడి తాగినవాళ్లలో కాలేయం దెబ్బతిన్న కేసులు ఆరింటిని ముంబై వైద్యులు 2021లో ప్రచురించారు. మరుసటి ఏడాది దేశంలోని 13 ఆస్పత్రుల నుంచి 43 మంది రోగుల వివరాలతో పెద్ద అధ్యయనం వచ్చింది. ఆయుష్ మంత్రిత్వ శాఖ దీన్ని ఒప్పుకోలేదు. అదే పోలికలున్న మరో జాతి తీగను పొరబాటున వాడి ఉండొచ్చని చెప్పి, సరైన జాతినే వాడాలని సలహా ఇచ్చింది. ఎవరి వాదన నెగ్గినా ఇంట్లో మొక్క పెంచుకునేవాళ్లకు వచ్చే పాఠం మాత్రం ఒకటే. తీగను గుర్తుపట్టడంలో మంత్రిత్వ శాఖే తేడా రావొచ్చని అంటున్నప్పుడు, పక్కింటి నుంచి తెచ్చి నాటిన ముక్క ఏ జాతిదో చెప్పగలిగేవాళ్లు వీధికి ఎందరు? సీతాఫల్‌మండికి పేరిచ్చిన పండునే తీసుకోండి. గుజ్జు అమృతం. పేలకు మందని గింజలు నూరి తలకు పట్టిస్తారు. ఆ పొడి కంట్లో పడితే నల్లగుడ్డు పైపొర దెబ్బతింటుంది. మన దేశపు కంటివైద్యులు ఇలాంటి కేసులను వైద్యపత్రికల్లో నమోదు చేశారు. వినాయకచవితి పత్రిలో గన్నేరు, ఉమ్మెత్త ఉంటాయి. రెండూ విషమే. పూజకు తెచ్చిన పత్రిలో అన్నీ ఔషధాలేనని చెప్పి పిల్లలున్న ఇంట్లో నాటించడం ప్రమాదం.

మొక్కల్లో మందు లేదని ఎవరూ అనలేరు. అడ్డసరంలోని పదార్థం ఆధారంగానే దగ్గుకు వాడే బ్రోమ్‌హెక్సిన్ తయారైంది. మెంతుల మీద లోతైన పరిశోధన జరిగింది తార్నాకలోనే. పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు మెంతిపిండి మధుమేహ రోగుల రక్తంలో చక్కెరను తగ్గిస్తుందని 1990లో చూపించారు. ఆ ప్రయోగంలో రోగులు తిన్నది రోజుకు 100 గ్రాముల పిండి, అదీ కొవ్వు తీసేసి, రెండు పూటల భోజనంలో కలిపి, వైద్యుల కనుసన్నల్లో. మన ఇంట్లో పరగడుపున నానబెట్టి మింగే చెంచా మెంతులకు ఆ ఫలితాన్ని అంటగట్టి, మాత్రలు మానేయడం ఆ శాస్త్రవేత్తలకే అన్యాయం. మందుకు మోతాదు కావాలి, శుద్ధి కావాలి, ఏది పడనివాళ్లు ఎవరో తెలియాలి. ఇవేవీ కుండీలో దొరకవు. పెరటి చెట్టు మందుకు పనికిరాదని మనవాళ్లు అంటే దగ్గరున్నదాన్ని చులకన చేస్తామని ఎత్తిపొడుపు. పెరటి చెట్టు ముందు కూరకు పనికిరానివ్వండి, మందు సంగతి తర్వాత చూద్దాం అనేది నా మాట. అదృష్టవశాత్తు మన వంటలో ఈ రెంటి మధ్యా గోడ లేదు. కరివేపాకు, మునగాకు, పుదీనా, వాము ఆకు, తులసి, తమలపాకు, పొన్నగంటి, గంగవాయిలి, చవితికి తెలంగాణ ఇళ్లలో వండే తుమ్మికూర ఇవన్నీ తరతరాలుగా తిన్నవి, తినే పరిమాణంలో హాని చేయనివి. చేపల్లో గొప్పగా చెప్పుకునే ఒమేగా కొవ్వుల రకం ఒకటి మొక్కల రూపంలో గంగవాయిలి కూరలో ఉంది. కలుపని పీకి పారేసే ఆ కూర ఎవరూ నాటకపోయినా కుండీలో మొలుస్తుంది. ఔషధ మొక్కల జాబితా వీటితో మొదలుకావాలి. తిన్నా మందే, మందు కాకపోయినా కూరే అయ్యే మొక్కకు ముందు చోటివ్వాలి.

ఆకుకూరలకూ హద్దులున్నాయి, అవి దాచకూడదు. ఆకులో ఉన్న ఇనుమంతా ఒంటికి పట్టదు. మాంసంలోని ఇనుముతో పోలిస్తే శరీరం తీసుకునేది కొంచెమే. తిన్న వెంటనే టీ తాగితే అదీ తగ్గుతుంది. పప్పులో నిమ్మకాయ పిండుకుంటే కాస్త పెరుగుతుంది. డాక్టరు రాసిన ఇనుము మాత్రలు మాని ఆకు తినమని చెప్పడం తప్పు. మూత్రపిండాల్లో రాళ్లున్నవాళ్లు పాలకూర, చుక్కకూరలతో జాగ్రత్తగా ఉండాలి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్లు ఆకు ఒక్కసారిగా పెంచకూడదు, మానకూడదు. అయినా ఫోలిక్ ఆమ్లం, ఒంట్లో విటమిన్ ఎగా మారే బీటా కెరోటిన్, విటమిన్ సి, పీచు ఇవన్నీ ఇంత చవకగా ఇచ్చే తిండి మరొకటి లేదు. చిన్నపిల్లలను రేచీకటి నుంచి, చూపు పోవడం నుంచి కాపాడటానికి 1970లో దేశమంతా మొదలైన విటమిన్ ఎ కార్యక్రమానికి ఆధారం ఇదే పోషకాహార సంస్థ పరిశోధన. ఆ సంస్థలో సుదీర్ఘకాలం పనిచేసిన శాస్త్రవేత్త మెహతాబ్ బామ్జీ ఉద్యోగ విరమణ తర్వాత దంగోరియా ట్రస్టు తరఫున మెదక్ జిల్లా నర్సాపూర్ పల్లెల్లో ఇంటితోటలు, పెరటి కోళ్లు, పోషకాహార పాఠాలు మూడింటినీ కలిపి నడిపారు. విత్తనాలు పంచి వదిలేయకుండా ఆ ఆకు ఎవరి కంచంలోకి వెళుతోందో చూడటం ఆ పని ప్రత్యేకత. తోట పెరిగినా గర్భిణి కంచంలోకి, చంటిబిడ్డ గిన్నెలోకి ఆకు చేరకపోతే సర్వే అంకెలు కదలవు.

ఇంటితోట మీద వచ్చే అభ్యంతరాల్లో మొదటిది నీళ్లు. నూరు అడుగుల ఆకుమడికి నడివేసవిలో రోజుకు యాభై లీటర్లు పడతాయి, నెలకు 1,500 లీటర్లు. 2021 జనవరి నుంచి నగరంలో ఇంటి కనెక్షన్లకు షరతుల మీద ఇస్తున్న ఉచిత నీరు నెలకు 20 వేల లీటర్లు. దానిలో పదో వంతు కూడా కాదు. బియ్యం, పప్పులు కడిగిన నీళ్లతో అందులో కొంత తీరుతుంది. ఏడాదికి దాదాపు 800 మిల్లీమీటర్ల వాన పడే ఊళ్లో అరవై గజాల మిద్దె మీద కురిసేది 40 వేల లీటర్లు. అదంతా ఇప్పుడు రోడ్డు మీదికి పోతోంది. రెండోది దోమ. ఇది గట్టి అభ్యంతరమే. డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా పట్టేది వారం, పది రోజులు. అందుకే కుండీల కింద పళ్లేలు పెట్టకూడదు, పెడితే వారానికొకసారి బోర్లించి ఆరబెట్టాలి. వారానికొక రోజు కూడా ఆ పని చేయలేని ఇల్లు మొక్కలు పెట్టకపోవడమే వీధికి మేలు.

మూడోది నగర దుమ్ము, సీసం. అన్నిటికన్నా బరువైనది ఇది. ఎందుకంటే కాయల కన్నా ఆకులే సీసాన్ని ఎక్కువ పట్టుకుంటాయి. సీసం కలిసిన పెట్రోలు 2000లో ఆగిపోయినా రోడ్ల పక్క మట్టిలో అది దశాబ్దాలు ఉండిపోతుంది. పాత గ్రిల్లుల రంగు పెచ్చుల్లోనూ ఉంటుంది. కాబట్టి రోడ్డు పక్క మట్టి, కూల్చిన ఇంటి మట్టి, పట్టాల పక్క మట్టి తెచ్చి ఆకు పెంచకూడదు. శుభ్రమైన చోటి ఎర్రమట్టి, ఇంటి చెత్తతో చేసుకున్న కంపోస్టు వాడాలి. ట్రాఫిక్ వైపు కాకుండా లోపలి వైపు పెట్టుకోవాలి. ఆకును రెండు మూడు నీళ్లు మార్చి కడగాలి. ఇవి పాటిస్తే మిద్దె ఆకు బండి ఆకుకన్నా తీసిపోదు. కంపోస్టు మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. మన ఇళ్ల చెత్తలో దాదాపు సగం తడిచెత్తే. నగర చెత్తంతా పోసే జవహర్‌నగర్‌లో ప్రజలు ఏళ్లుగా భరిస్తున్న దుర్గంధంలో మన కూరగాయ తొక్కల వాటా ఉంది. ఆ తొక్కలు మిద్దె దాటకుండా ఆపగలిగితే వాళ్లకు మనం చేయగల కనీస న్యాయం అది.

అద్దెకుండేవాళ్ల సంగతి ఎవరూ పట్టించుకోవడం లేదు. ఉద్యాన శాఖ 'మన ఇల్లు–మన కూరగాయలు' పేరుతో రాయితీ మీద సిల్పాలిన్ మడులు, విత్తనాలు, వేపపిండి ఇచ్చింది. మంచి ఆలోచనే. కానీ సొంత మిద్దె ఉన్నవాళ్లకే అందులో పూర్తి ప్రయోజనం. సీతాఫల్‌మండిలో ఒకే గది, బయట మూడడుగుల వరండా ఉన్న కుటుంబాలకు కావలసింది మోసుకుపోగలిగే నాలుగు సంచులు, శుభ్రమైన మట్టి, ఏ కాలంలో ఏ ఆకు వేయాలో చెప్పే మనిషి. ఇల్లు మారితే ఆటోలో వెంట తీసుకెళ్లగలిగేంత తోట చాలు. ఇంటి యజమానులు కూడా ఈ నాలుగు సంచులకు మిద్దె మీద చోటివ్వాలి. నగరపాలక సంస్థ సేకరించే తడిచెత్తలో కొంతైనా పరీక్షించిన కంపోస్టుగా మార్చి వార్డులోనే ఇవ్వాలి. అంగన్‌వాడీల్లో, ప్రభుత్వ బడుల్లో గోడ వెంట ఒక మునగ చెట్టు, ఒక కరివేపాకు చెట్టు ఉంటే పిల్లల భోజనంలో రోజూ ఆకు పడుతుంది. అవి చెట్లుగా ఎదగాల్సింది నేల ఉన్న చోట, మిద్దె మీద కాదు. సోవియట్ యూనియన్ కూలి దిగుమతులు ఆగిపోయాక క్యూబాలోని హవానా నగరం ఖాళీ స్థలాల్లో కూరగాయలు పండించుకుని నిలదొక్కుకుంది. మనకు అలాంటి కరవు రాలేదు. రాకముందే చేయగలిగిన పని ఇది, ఖర్చు కూడా తక్కువే.

మొదలుపెట్టడానికి నర్సరీకి వెళ్లక్కర్లేదు. పోపుల డబ్బాలో మెంతులున్నాయి, ధనియాలున్నాయి. మెంతులు రాత్రంతా నానబెట్టండి. ధనియాలను అరచేత్తో నలిపి రెండు బద్దలు చేయండి. ఖాళీ బియ్యం సంచి మడిచి, అడుగున రంధ్రాలు పెట్టి, నాలుగంగుళాల మట్టి నింపి చల్లండి. మెంతికూర మూడు వారాల్లో కోతకు వస్తుంది, కొత్తిమీరకు నెల దాటుతుంది. ఎండలు ముదరకముందే, ఈ వారమే ఆ పని చేయండి. మొదటి కోత ఇంట్లో చిన్నపిల్లల కంచంలో, గర్భిణి ఉంటే ఆమె కంచంలో ముందు వడ్డించండి.